నిడదవోలు దాటాక కళ్లు చేసే పని

నిడదవోలు జంక్షన్‌లో రాజమండ్రి వైపు పాసింజరు ఎక్కినవాళ్లలో కిటికీ పక్క సీటు దొరికినవాళ్లు బయటికి చూస్తారు, దొరకనివాళ్లు ఫోను చూసుకుంటారు. ఈ రెండూ కాక చూడదగ్గది ఇంకొకటుంది: బయటికి చూస్తున్నవాళ్ల కళ్లు. పెద్దవాళ్ల మొహంలోకి తేరిపార చూస్తే గొడవలవుతాయి కాబట్టి, ఎదురు సీట్లో అమ్మ ఒళ్లో నిలబడి కిటికీ ఊచలు పట్టుకున్న పిల్లాణ్ణి ఎంచుకోవడం మేలు.

బండి ఊరు దాటి చాగల్లు దారి పట్టగానే ఆ పిల్లాడి నల్లగుడ్లు ఒక పని మొదలెడతాయి. బండి పోతున్న వైపుకి వ్యతిరేకంగా మెల్లగా జరుగుతాయి, చటుక్కున ముందుకి దూకుతాయి. మళ్లీ జరగడం, మళ్లీ దూకడం. ఆగకుండా ఇదే వరస. పిల్లాడికి ఆ సంగతే తెలియదు. వాడికి తెలిసేదల్లా చేలూ, కొబ్బరిచెట్లూ, కాలవ గట్టూ వెనక్కి పోతున్నాయని. వైద్యులు దీన్ని ఆప్టోకైనెటిక్ నిస్టాగ్మస్ అంటారు. రైల్వే నిస్టాగ్మస్ అనే పాత పేరు కూడా ఉంది. రైళ్లు జనంలోకి రాకముందే, 1825లో, చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే గుర్రపుదళం కవాతు చూస్తున్న జనం కళ్లలో ఇదే కదలికను గమనించాడు. ఆ తర్వాత జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ రైలు ప్రయాణికుల కళ్లలో చూశాడు.

కన్నుకి ఈ అవస్థ ఎందుకంటే, మనకు నిజంగా స్పష్టంగా కనిపించేది చాలా కొంచెం. చెయ్యి చాచి బొటనవేలు నిలబెడితే దాని గోరు ఎంత మేర కప్పుతుందో దాదాపు అంతే. కోణం లెక్కలో ఒకటి, రెండు డిగ్రీలు. రెటీనా మధ్యలో ఫోవియా అనే చిన్న గుంట ఉంటుంది, కోన్ కణాలు కిక్కిరిసి ఉండేది అక్కడే. దాని బయట పడ్డదంతా మసకే. పైగా రెటీనా మీద బొమ్మ సెకనుకు కొద్ది డిగ్రీలకు మించి జారితే ఫోవియాలో పడ్డది కూడా చెదిరిపోతుంది. అంచేత కన్ను రెండు పనులు చెయ్యాలి. కావలసినదాన్ని గుంటలోకి తెచ్చుకోవాలి, తెచ్చుకున్నాక జారిపోకుండా పట్టుకోవాలి. పిల్లాడి కంట్లో మెల్లగా జరగడం పట్టుకోవడానికి, దూకడం కొత్తదాన్ని తెచ్చుకోవడానికి.

బండి గంటకు 90 కిలోమీటర్ల వేగంలో ఉందనుకుందాం, అంటే సెకనుకు 25 మీటర్లు. పట్టాలకి 20 మీటర్ల దూరంలో కాలవ గట్టున ఉన్న కొబ్బరిచెట్టు సరిగ్గా మన ఎదురుకి వచ్చినప్పుడు సెకనుకు 70 డిగ్రీల చొప్పున పక్కకి పోతుంది. 200 మీటర్ల అవతల చేలో ఉన్న పంపుసెట్టు షెడ్డు 7 డిగ్రీల చొప్పునే పోతుంది. బండి ఒక్కటే, బయట ప్రపంచం మాత్రం దూరాన్ని బట్టి వేరువేరు వేగాలతో జారుతోంది. అన్నిటినీ ఒకేసారి నిలబెట్టడం ఏ కంటికీ సాధ్యం కాదు. ఏదో ఒక దూరాన్ని ఎంచుకోవాలి. చూపు ఎటు తిరగాలి అన్న ప్రశ్నకి, ఎంత లోతున నిలవాలి అన్న ప్రశ్న ఇక్కడే వచ్చి చేరుతుంది. ఈ రెండు ప్రశ్నలకీ మెదడు ఒకేచోట కూర్చుని జవాబు చెప్పదు. రెండిటికీ వేరువేరు యంత్రాంగాలున్నాయి. విచిత్రమేమంటే రెండూ చివరికి అవే కండరాల మీద అధికారం చెలాయిస్తాయి.

ఒక్కో కంటికి ఆరు కండరాలు. చెవి వైపుకి లాగేది ఒకటి, ముక్కు వైపుకి లాగేది ఒకటి, పైకీ కిందికీ లాగేవి రెండు, మెలి తిప్పే ఏటవాలువి రెండు. వీటిని నడిపే కపాల నాడులు మూడు, మూడోది, నాలుగోది, ఆరోది. మెడికల్ కాలేజీ పిల్లలు ఏ నాడి ఏ కండరానికో బట్టీ పట్టి పరీక్ష అయ్యాక మరిచిపోతారు. మనకి ఈ వ్యాసానికి కావలసింది ఒక్క కండరమే, ముక్కు వైపుకి లాగేది. వైద్యుల భాషలో మీడియల్ రెక్టస్. దాని సంగతికి తర్వాత వద్దాం.

ముందు దిక్కు సంగతి. కన్ను దూకడాన్ని సకాడ్ అంటారు. మెలకువగా ఉన్నంతసేపూ సెకనుకు ఇంచుమించు మూడు సకాడ్లు చేస్తూనే ఉంటాం. ఈ వాక్యం చదవడానికి కూడా కొన్ని చేశారు. పెద్ద సకాడ్‌లో కంటి వేగం సెకనుకు 500 డిగ్రీలు దాటుతుంది. పది డిగ్రీల దూకుడు 50 మిల్లీసెకన్లలోపే ముగుస్తుంది. రెటీనా నుంచి కబురు వచ్చి దారి సరిదిద్దే లోపు పని అయిపోతుంది కాబట్టి, ఎంత దూరం దూకాలో మెదడు ముందే లెక్క వేసి వదలాలి. దూకుతున్నంతసేపూ చూపును మందగింపజేస్తుంది కూడా. అద్దంలో మీ ఎడమ కన్నూ కుడి కన్నూ మార్చి మార్చి చూసుకోండి, కదలిక మీకు కనిపించదు. పక్కనున్నవాళ్లకి మాత్రం బాగా కనిపిస్తుంది.

ఈ లెక్కను విప్పినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు డేవిడ్ రాబిన్సన్. అమెరికాలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో పనిచేసిన ఇంజనీరు. కంటి మీద సన్నటి తీగచుట్ట పెట్టి, అయస్కాంత క్షేత్రంలో దాని కదలికను అత్యంత కచ్చితంగా కొలిచే పద్ధతిని 1963లో ప్రకటించాడు. ఇంజనీరు గనక అడిగిన ప్రశ్న కూడా ఇంజనీరుదే: ఈ గుడ్డును కదిలించడానికి ఎలాంటి ఆజ్ఞ కావాలి? గుడ్డు చుట్టూ కొవ్వు, కండరాలు, పొరలు. ఎటు తిప్పినా అవి మధ్యకి లాగుతుంటాయి. వేగంగా తిప్పాలంటే ఒక్కసారి గట్టిగా లాగాలి, తిప్పినచోట నిలపాలంటే ఆ తర్వాత కూడా కొంత బలం పట్టి ఉంచాలి. ఆజ్ఞలో రెండు భాగాలు ఉండి తీరాలి.

ఆ రెండూ మెదడు కాండంలో దొరికాయి. పక్కకి చూసేటప్పుడు గట్టి లాగుడు ఇచ్చే కణాలు పాన్స్ అనే భాగంలో ఉన్నాయి. కొన్ని మిల్లీసెకన్లపాటు సెకనుకు వందల సంకేతాల చొప్పున పేలి, చప్పున ఆగిపోతాయి. పైకీ కిందికీ చూడటానికి అలాంటి కణాలే ఇంకాస్త పైన, మధ్య మెదడులో ఉన్నాయి. ఇక పట్టి ఉంచే బలం ఎంతో తెలియాలంటే, వేగం ఆజ్ఞను కాలం మీద కూడి స్థానం ఆజ్ఞగా మార్చాలి. అంటే ఇంటర్ ఎంపీసీ పిల్లలు గింజుకునే ఇంటిగ్రేషనే. మెదడు కాండంలోని కొన్ని కణాల గుంపులు పొద్దస్తమానం ఆ లెక్కే చేస్తుంటాయి. అవి దెబ్బతిన్నవాళ్ల కన్ను పక్కకి దూకుతుంది గాని అక్కడ నిలవదు, మధ్యకి జారిపోతుంది, మళ్లీ దూకాలి.

ఎప్పుడు దూకాలో, ఎటు దూకాలో పైవాళ్లు నిర్ణయిస్తారు. నుదుటి వెనక ఫ్రంటల్ ఐ ఫీల్డ్ ఉంది, మధ్య మెదడు పైకప్పులో సుపీరియర్ కాలిక్యులస్ ఉంది. ఈ రెండోదాంట్లో ఎదుటి దృశ్యం పటంలా పరుచుకుని ఉంటుంది. పటంలో ఏ చోట కణాలు రేగితే చూపు ఆ చోటికి దూకుతుంది. కానీ ఆ పటం మీద ఎప్పుడూ ఒక నిషేధం ఉంటుంది. మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియాలోని సబ్‌స్టాన్షియా నైగ్రా అనే భాగం దాన్ని అణచి ఉంచుతుందని, దూకాల్సిన క్షణంలో మాత్రం పట్టు సడలిస్తుందని 1983లో హికొసాకా, వర్ట్‌జ్ కోతుల్లో చూపించారు. ఇక్కడ మనవాళ్ల పని కూడా ఉంది. ఐఐటీ మద్రాసులో మెదడు నమూనాల మీద పనిచేసే ప్రొఫెసర్ వి. శ్రీనివాస చక్రవర్తి, సైన్సు విషయాలు తెలుగులో విరివిగా రాసే అరుదైన ప్రొఫెసర్లలో ఒకరు. ఆయన బృందం 2011లో బేసల్ గాంగ్లియా సకాడ్లను ఎలా నడుపుతుందో ఒక గణిత నమూనాను ప్రచురించింది. బేసల్ గాంగ్లియాలో కదలికను ఆపే దారిగా పాఠ్యపుస్తకాలు చెప్పే పరోక్ష మార్గానికి ఆ నమూనా ఇంకో పని అప్పగించింది. చూపు చేత కొత్త చోట్లు వెతికించడం, అంటే ఇంకా ఏది లాభమో తెలియనప్పుడు తడిమి చూడటం, దాని వంతు కావచ్చని అంది. పార్కిన్సన్స్ రోగుల సకాడ్లు ఎందుకు మందగిస్తాయో అర్థం చేసుకోవడానికి అలాంటి నమూనాలు పనికొస్తాయి.

ఇంతవరకూ చెప్పినదంతా రెండు కళ్లూ ఒకే దిక్కుకి తిరిగే కదలికల గురించి. అమెరికన్ మనోవిజ్ఞాని రేమండ్ డాడ్జ్ 1903లో కంటి కదలికలను అయిదు రకాలుగా విడదీస్తే, నాలుగింటిలో కళ్లు జంటగా ఒకవైపే పోయాయి. అయిదోదానిలో మాత్రం ఎదురెదురుగా పోయాయి. దగ్గరి వస్తువు చూస్తే రెండూ ముక్కు వైపుకి, దూరపుది చూస్తే రెండూ చెవుల వైపుకి. దీన్ని వర్జెన్స్ అంటారు.

దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, కిటికీ ఊచలు చాలు. పెద్దవాళ్లకి రెండు కంటిపాపల మధ్య దూరం 6 సెంటీమీటర్ల పైచిలుకు. ఊచ కంటికి 40 సెంటీమీటర్లలో ఉంటే, దాని మీద చూపు కలపడానికి రెండు కళ్ల చూపురేఖల మధ్య 9 డిగ్రీల కోణం కావాలి. రెండు మీటర్ల దూరానికి 2 డిగ్రీలు సరిపోతాయి. ఆరు మీటర్లు దాటితే అర డిగ్రీ చిల్లర, ఇక తాటితోపు ఎక్కడున్నా రేఖలు ఇంచుమించు సమాంతరమే. అంటే లోతు చూసే ఈ యంత్రాంగం కష్టపడేదంతా చెయ్యి అందే మేరలోనే. అన్నం కలిపేటప్పుడు, సూదిలో దారం ఎక్కించేటప్పుడు, ఫోను చూసేటప్పుడు.

దూరపు తాటిచెట్టు మీద చూపు నిలిపి, దాని అడ్డంగా మీ చూపుడువేలు నిలువుగా పెట్టండి. వేలు రెండుగా కనిపిస్తుంది. వేలి మీదికి చూపు మారిస్తే వేలు ఒకటై తాటిచెట్టు రెండవుతుంది. మరి ఊచలు ఎందుకు రెండు కావు? పాసింజరు బండి ఊచలు అడ్డంగా ఉంటాయి. మన కళ్లు పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి రెండు కళ్లలో బొమ్మల తేడా కూడా అడ్డంగానే ఉంటుంది. అడ్డ ఊచ తన పొడుగునా తానే జరిగితే జరిగినట్టు తెలియదు. ఇప్పుడు తాటిచెట్టు మీంచి చూపు తియ్యకుండా తలను భుజం మీదికి బాగా వాల్చండి. ఒక్క ఊచ నెమ్మదిగా రెండుగా విడిపోతుంది. పక్క సీటాయన “మెడ పట్టేసిందా అండీ?” అని అడిగితే ఏం చెప్పాలో మీ ఇష్టం.

ఈ రెండుగా కనిపించడమే వర్జెన్స్‌కి కావలసిన కబురు. రెండు రెటీనాల మీద బొమ్మ ఎంత తేడాగా పడిందో కొలిచే కణాలు మెదడులోని దృశ్య వల్కలంలో ఉన్నాయని 1967లో బార్లో, బ్లేక్‌మోర్, పెటిగ్రూ పిల్లుల్లో చూపించారు. తేడా ఒకవైపుకి ఉంటే కళ్లు దగ్గరికి, రెండోవైపుకి ఉంటే దూరంగా. కానీ ఈ యంత్రాంగం నెమ్మది. సకాడ్‌లాగా లెక్క వేసి వదిలేయదు, తేడాని చూస్తూ సరిదిద్దుకుంటూ పోతుంది. ఒక మోస్తరు వర్జెన్స్ పూర్తవడానికి అర సెకను పైనే పడుతుంది. మద్యం దీన్ని తొందరగా చెడగొడుతుంది. దూరం చూడటానికి కళ్లు తగినంత విప్పారక లోపలికే ఉండిపోతాయి, వీధి దీపం రెండవుతుంది.

ఇప్పుడు అసలు తగువు. రెండు కళ్లకీ మెదడు పంపే ఆజ్ఞలు ఎలా ఉంటాయి? హెల్మ్‌హోల్ట్జ్ ఏమన్నాడంటే, ఏ కంటి ఆజ్ఞ ఆ కంటిదే, చిన్నప్పటి నుంచి అలవాటు మీద రెండూ కలిసి తిరగడం నేర్చుకుంటాయి. అదే కాలపు జర్మన్ శాస్త్రవేత్త ఎవాల్డ్ హేరింగ్ ఒప్పుకోలేదు. 1868లో రాసిన పుస్తకంలో, రెండు కళ్లనీ ఒకే అవయవంగా చూడాలన్నాడు. ఒక పగ్గంతో నడిచే జంట గుర్రాల్లాంటివన్నాడు. డెల్టాలో పుట్టి ఉంటే జోడెడ్లు అనేవాడు. దిక్కు మార్చే ఆజ్ఞ రెండు కళ్లకీ సమానంగా వెళ్తుంది, లోతు మార్చే ఆజ్ఞా సమానంగానే వెళ్తుంది, ఏ కన్ను ఎంత తిరిగిందీ అన్నది ఆ రెండిటి కూడిక. ఇదీ హేరింగ్ సూత్రం.

ఇది విన్నప్పుడు మామూలుగానే అనిపిస్తుంది గాని, దీనివల్ల ఒక విడ్డూరం జరగాలి. కుడి కన్ను, మీ వేలు, దూరపు తాటిచెట్టు మూడూ ఒకే గీత మీద ఉండేలా వేలు పెట్టండి. ఇప్పుడు చూపు చెట్టు మీంచి వేలి మీదికి మార్చాలి. కుడి కంటికి చెయ్యాల్సిన పనేమీ లేదు, అది ఇప్పటికే వేలి వైపే చూస్తోంది. ఎడమ కన్ను ఒక్కటే కుడికి తిరిగితే సరి. హెల్మ్‌హోల్ట్జ్ చెప్పింది నిజమైతే కుడి కన్ను బొమ్మలా నిలబడాలి. హేరింగ్ లెక్క వేరు. రెండు కళ్ల నడిమి నుంచి చూస్తే వేలు చెట్టుకి కుడివైపున ఉంది, కాబట్టి దిక్కు ఆజ్ఞ: ఇద్దరూ కుడికి అయిదు డిగ్రీలు. వేలు దగ్గరగా ఉంది, కాబట్టి లోతు ఆజ్ఞ: ఇద్దరూ ముక్కు వైపుకి అయిదు డిగ్రీలు. ఎడమ కంటికి అయిదు, అయిదు కలిసి పది. కుడి కంటికి అయిదులోంచి అయిదు పోయి సున్న. ఫలితం నిశ్చలమే, కానీ ఆ నిశ్చలం రెండు ఆజ్ఞలు ఒకదానికొకటి కొట్టుకుపోగా మిగిలింది.

దిక్కు ఆజ్ఞ వేగం, లోతు ఆజ్ఞ నెమ్మది అని ఇందాకే చెప్పుకున్నాం. అంచేత కుడి కన్ను ముందు చటుక్కున కుడికి పోయి, ఆ తర్వాత తీరిగ్గా వెనక్కి రావాలి. పనిలేని కన్ను పనిలేని ప్రయాణం చెయ్యాలి. ఎవరినైనా మీ కుడి కన్ను గమనించమని అడిగి ప్రయత్నించండి, అది అటూ ఇటూ కదలడం వాళ్లకి కనిపిస్తుంది. ఈ అమరికను మొదట వాడినవాడు యోహానెస్ ముల్లర్, 1826లో. హేరింగ్ దాంతోనే తన వాదం నిలబెట్టుకున్నాడు. నాకు కంటి శాస్త్రం మొత్తంలో ఇంతకన్నా చవకైన, ఇంతకన్నా లోతైన ప్రయోగం కనిపించలేదు.

ఇక పక్కన పెట్టిన ఆ ముక్కు వైపు కండరం దగ్గరికి వద్దాం. మనం కుడికి చూసేటప్పుడు, కుడి కంటి చెవి వైపు కండరం, ఎడమ కంటి ముక్కు వైపు కండరం కలిసి లాగాలి. ఆజ్ఞ పుట్టేది పాన్స్‌లో, కుడివైపు ఆరో నాడి కేంద్రకంలో. అక్కణ్ణుంచి ఒక తీగల కట్ట మధ్య గీత దాటి, ఎడమవైపు మూడో నాడి కేంద్రకం దాకా పైకి వెళ్తుంది. దాని పేరు మీడియల్ లాంజిట్యూడినల్ ఫాసిక్యులస్. వయసు మళ్లినవాళ్లలో చిన్న పక్షవాతం వల్ల, పడుచువాళ్లలో మల్టిపుల్ స్క్లిరోసిస్ వల్ల ఒక్కోసారి సరిగ్గా ఈ కట్టే దెబ్బతింటుంది. అలాంటి రోగిని కుడికి చూడమంటే కుడి కన్ను పోతుంది, ఎడమ కన్ను మధ్యలో ఆగిపోతుంది. ముక్కు వైపు కండరం చచ్చుబడిందా అనిపిస్తుంది. అప్పుడు డాక్టరు తన వేలు రోగి ముక్కు ముందుకి తెచ్చి, దీన్ని చూడండి అంటాడు. చాలామందిలో, ఇందాక కదలనని మొరాయించిన అదే కన్ను హాయిగా లోపలికి తిరుగుతుంది.

కండరం అదే, నాడి అదే. దిక్కు ఆజ్ఞ వచ్చే తీగ తెగింది, లోతు ఆజ్ఞ వచ్చే తీగ తెగలేదు. రెండు యంత్రాంగాలున్నాయనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. లోతు ఆజ్ఞ పుట్టేది మధ్య మెదడులో, మూడో నాడి కేంద్రకం చుట్టుపక్కలే. కళ్లు ఎంత దగ్గరికి వస్తే అంత ఎక్కువగా రేగే కణాలను, విప్పారితే రేగే కణాలను అక్కడ లారెన్స్ మేస్ 1984లో కోతుల్లో పట్టుకున్నాడు. ఆ కణాలకి కళ్లు కుడికి చూస్తున్నాయా ఎడమకి చూస్తున్నాయా అన్న పట్టింపు లేదు.

తగువు అంతటితో తీరిపోయిందని హేరింగ్ శిష్యులు అనుకున్నారు. 1998లో వూ జౌ, కింగ్ నేచర్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. జంట కళ్లకి దిక్కు ఆజ్ఞ ఇస్తాయని అందరూ నమ్మిన పాన్స్ కణాల్లో చాలావాటి లయ నిజానికి ఏదో ఒక కంటి కదలికతోనే సరిపోతోందని అందులో తేలింది. అంటే హెల్మ్‌హోల్ట్జ్ అన్నది పూర్తిగా పొల్లు కాదు. పైకి కనిపించే కదలిక హేరింగ్‌ని సమర్థిస్తోంది, లోపలి కణాలు కొన్ని హెల్మ్‌హోల్ట్జ్ వైపు ఉన్నాయి. ఇద్దరూ పోయి వందేళ్లు దాటినా వాళ్ల పేర్లతోనే ఈ రంగంలో పేపర్లు వస్తున్నాయి.

ఇంతలో బండి పశివేదల దాటి కొవ్వూరు చేరింది, ముందు గోదారి. 1974లో తెరిచిన రోడ్డు కం రైలు బ్రిడ్జి మీద బండి వెళ్తే కళ్లకి నిజమైన పరీక్ష మొదలవుతుంది. ఆ వంతెన రైలు భాగంలో 91.5 మీటర్ల స్పాన్లు 27, దాదాపు 46 మీటర్ల స్పాన్లు 7. నెత్తి మీద రోడ్డు, రెండు పక్కలా ఉక్కు దూలాలు. 1997 నాటి ఆర్చి బ్రిడ్జి మీదైతే నిలువు పట్టీలు కాస్త తెరిపిగా ఉంటాయి. బండి గంటకు 36 కిలోమీటర్ల వేగంలో ఉందనుకుంటే సెకనుకు 10 మీటర్లు. కంటికి రెండు మీటర్ల దూరంలో ఉన్న దూలం ఎదురుకి వచ్చినప్పుడు సెకనుకు 280 డిగ్రీలకు పైగా పోతుంది. నున్నగా వెంబడించే చూపుకి సెకనుకు వంద డిగ్రీల దగ్గరే ఊపిరి ఆడదు, కాబట్టి దూలం దానికి చిక్కదు. వంద మీటర్ల అవతల నాటుపడవ 6 డిగ్రీల లోపే. కిలోమీటరు దూరాన గట్టు అర డిగ్రీ చిల్లర.

రెటీనా మొత్తం మీద దూలాల పరుగే పెద్దది, గట్టిది. బొమ్మ ఎటు జారితే అటు పోవడమే కంటికి తెలిసిన విద్య అయితే, వంతెన మీద మన కళ్లు దూలాల వెంట పడి గింగిర్లు తిరగాలి. పడవ చూస్తున్నవాళ్లకి అలా జరగదు. ఎందుకో అమెరికా నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రెడరిక్ మైల్స్, ఆయన సహచరులు 1980ల నుంచి ఏళ్ల తరబడి కొలిచారు. ఎదుటి దృశ్యం ఒక్కసారి కదిలితే కోతి కన్ను 50 మిల్లీసెకన్లకే, మనిషి కన్ను 80 మిల్లీసెకన్లకే దాని వెంట పోవడం మొదలెడుతుంది. మనకు కదలిక కనిపించిందని తెలియకముందే ఈ ప్రతిచర్య నడిచిపోతుంది. కానీ ఆ ప్రతిచర్య అన్ని లోతులనీ సమానంగా పట్టించుకోదు. రెండు కళ్ల చూపు కలిసిన లోతులో ఉన్న కదలికకే బాగా లొంగుతుంది, రెండుగా పడుతున్న బొమ్మల కదలికను తక్కువ లెక్క చేస్తుంది. చూపు పడవ మీద కలిసినప్పుడు దూలాల బొమ్మలు రెండు రెటీనాల్లో కలవవు, కాబట్టి వాటి పరుగుకి కన్ను అంతగా లొంగదు. దిక్కు యంత్రాంగం ఎవరి వెంట వెళ్లాలో లోతు యంత్రాంగం తేల్చిపెడుతోందన్నమాట.

ఇందులో చెవి పాత్ర కూడా కొంత ఉంది. తల తిప్పితే లోపలి చెవిలోని అర్ధవృత్తాకార నాళాలు దాదాపు పది మిల్లీసెకన్లలోనే కంటిని ఎదురుదిక్కుకి తిప్పేస్తాయి. అందుకే నడుస్తూ కూడా బోర్డులు చదవగలం. ముందుకీ పక్కకీ కదిలినట్టు తెలిపే ఒటోలిత్‌లు వేరే ఉన్నాయి. కానీ అవి వేగం మారినప్పుడే కబురు పంపుతాయి. బండి ఒకే వేగంలో సాగుతుంటే చెవి మౌనం వహిస్తుంది, భారమంతా కంటి మీదే. నిడదవోలు జంక్షన్‌లో పక్క లైన్లో భీమవరం బండి కదిలితే మన బండే కదిలిందనిపించేది కూడా అందుకే. నెమ్మదిగా కదిలే బండి గురించి చెవి గట్టిగా అవుననీ అనదు, కాదనీ అనదు.

లోతు ఆజ్ఞ ఒంటరిగా రాదు. కళ్లు దగ్గరికి వచ్చినప్పుడు లెన్సు ఉబ్బుతుంది, కంటిపాప చిన్నదవుతుంది. మూడూ ఒకదాన్నొకటి లాక్కొస్తాయి. నలభై దాటి చత్వారం వచ్చినవాళ్లలో లెన్సు మాట వినదు గాని కళ్లు దగ్గరికి రావడం మానవు. త్రీడీ సినిమాలో ఈ జత విడిపోతుంది. తెర మీంచి పాము మన మీదికి వచ్చినట్టు కనిపిస్తే కళ్లు ఆ పాము మీద కలుస్తాయి, లెన్సు మాత్రం తెర దూరంలోనే ఉండాలి. కొందరికి తలనొప్పి పుట్టేది ఈ పేచీలోంచే. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టిన ఎల్వీ ప్రసాద్ సినిమా సంపాదనలోంచి ఇచ్చిన కోటి రూపాయలతో, అయిదెకరాల స్థలంతో హైదరాబాదులో 1987లో కంటి ఆసుపత్రి వచ్చింది. గుల్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఆ సంస్థలో మెల్లకన్నుకి చికిత్స ఉంది, లెన్సు, వర్జెన్స్ ఎలా కలిసి పనిచేస్తాయో కొలిచే పరిశోధన కూడా ఉంది. అదే కుటుంబం 2003లో హుసేన్‌సాగర్ ఒడ్డున ఐమాక్స్ తెర కట్టింది. కళ్లకి పని పెట్టేదీ వాళ్లే, బాగు చేసేదీ వాళ్లే అని నవ్వుకోవచ్చు.

దగ్గరి చూపుకి కళ్లు తగినంత కలవని పిల్లలు కొందరుంటారు. చదువుతుంటే అక్షరాలు రెండవుతాయి, తలనొప్పి వస్తుంది, బద్ధకమని తిట్లు పడతాయి. ఇలాంటి 221 మంది పిల్లల మీద అమెరికాలో జరిగి 2008లో వెలువడిన పరీక్షలో, ఆసుపత్రిలో నిపుణుల దగ్గర 12 వారాలు వర్జెన్స్ కసరత్తులు చేసినవాళ్లలో 73 శాతం మంది బాగుపడటమో మెరుగవడమో జరిగింది. ఇంట్లో పెన్సిల్‌ను ముక్కు దగ్గరికి తెచ్చి చూసే పాత కసరత్తుకి అది 43 శాతమే.

మెల్లకన్ను వేరు. పుట్టిన కొత్తలో పిల్లల కళ్లు కాసేపు అటూ ఇటూ పోవడం మామూలే, వర్జెన్స్ కుదురుకోవడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఆ తర్వాత కూడా మెల్ల ఉంటే, అదృష్టమని ముచ్చటపడే ఇళ్లు మన జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నాయి. ఆ ముచ్చట పిల్లల కంటికి తెస్తున్న నష్టం చిన్నది కాదు. రెండు బొమ్మలు కలవకపోతే మెదడు ఒక కంటి బొమ్మను వదిలేయడం నేర్చుకుంటుంది. చిన్నతనంలో సరిచెయ్యకపోతే ఆ కంటి చూపు అలాగే మందగించి ఉండిపోతుంది, పెద్దయ్యాక కన్ను నిలబెట్టినా చూపు పూర్తిగా తిరిగిరాదు.

మరి ఫోను? కిటికీ దొరకని పిల్లాడు ఫోనును 20 సెంటీమీటర్ల దూరంలో పెట్టుకుంటాడు. వాడి కంటిపాపల మధ్య దూరం అయిదున్నర సెంటీమీటర్లు అనుకుంటే, చూపు కలవడానికి 16 డిగ్రీలు కావాలి. 2016లో దక్షిణ కొరియా వైద్యులు 12 మంది పిల్లల కేసులు ప్రచురించారు. ఏడేళ్ల నుంచి పదహారేళ్ల లోపువాళ్లు, అందరూ నెలల తరబడి రోజుకి నాలుగు గంటలకు పైగా, 30 సెంటీమీటర్ల లోపు నుంచి ఫోను చూసినవాళ్లు. అందరికీ కళ్లు లోపలికి తిరిగే మెల్ల కొత్తగా వచ్చింది. ఫోను మాన్పిస్తే మెల్ల తగ్గింది, కొందరికి ఆపరేషన్ తప్పలేదు. పన్నెండు మంది లెక్కతో కారణం తేలిపోయిందని అనలేం. వాళ్లలో ఇంతకు ముందే మెల్లకి దగ్గరగా ఉన్న పిల్లలెందరో, ఫోను దాన్ని బయటికి తెచ్చిందో, తానే కలిగించిందో తేల్చాలంటే, అంతే సేపు ఫోను చూసి మెల్ల రాని పిల్లలను కూడా పక్కన నిలబెట్టి కొలవాలి.